మైదానం - మెరిట్ (6): ఐజ్వాల్ గెలిచిన ఏడాది



రిజర్వేషన్ల మీద వాదన మొదలైన ప్రతిసారీ ఎవరో ఒకరు ఆటల్ని ముందుకు తెస్తారు. "క్రికెట్ టీములో రిజర్వేషన్ ఉందా? ఫుట్‌బాల్లో ఉందా? అక్కడ ఆడినోడికే చోటు" అంటారు. నేను పాఠం చెప్పే కాలేజీలో ఏ ఏడాదీ ఈ ప్రశ్న లేకుండా పోదు. అడిగేవాళ్లలో మన పిల్లలు కూడా ఉంటారు. వాళ్ల తప్పేమీ లేదు. బంతికి కులం తెలియదు, గోల్‌కి మార్కులు వేసే మాస్టారు ఉండడు, కాబట్టి ఆట అంటే మెరిట్ అని అందరం నమ్ముతాం.

బంతికి కులం తెలియదన్న మాట నిజమే. కానీ మైదానానికి గేటు ఉంటుంది. ఆ గేటు దగ్గర ఎవరు కూర్చున్నారన్నదే ఈ సీరీస్ అంతా మనం అడుగుతున్న ప్రశ్న. 1911లో ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీసిన పల్వంకర్ బాలూని హిందూ జట్టు కెప్టెన్‌ని చేయలేదని గత భాగంలో చెప్పుకున్నాం. ఈసారి మన కళ్లముందే జరిగిన కథ. 2016-17 ఐ-లీగ్ సీజన్. ఐజ్వాల్ ఫుట్‌బాల్ క్లబ్ భారతదేశ చాంపియన్ అయిన ఏడాది.

ముందు ఈ లెక్క చూడండి. మన దేశంలో జాతీయ ఫుట్‌బాల్ లీగ్ 1996-97లో మొదలైంది. 2007లో దాని పేరు ఐ-లీగ్‌గా మారింది. 2015-16 దాకా మొత్తం 20 సీజన్లు. అందులో 16 సార్లు కప్పు కోల్‌కతాకో గోవాకో వెళ్లింది. మిగిలిన నాలుగు ఎవరికి పోయాయి? పంజాబ్‌లో జేసీటీ మిల్లు జట్టుకి, ముంబైలో మహీంద్రా కంపెనీ జట్టుకి, జిందాల్ గ్రూపు నడిపే బెంగళూరు ఎఫ్‌సీకి రెండుసార్లు. అంటే ఇరవై ఏళ్లలో కప్పు రెండు పాత కోటల్లో ఉంది, లేకపోతే కంపెనీల చేతుల్లో ఉంది. జాతీయ జట్టుకి తరం తర్వాత తరం ఆటగాళ్లని ఇచ్చిన ఈశాన్య రాష్ట్రాలకి ఒక్కసారి కూడా రాలేదు. ఆడేవాళ్లు ఒకచోట, కప్పు ఇంకోచోట. పొలంలో దిగేవాడు ఒకడు, గాదె ఇంకొకడిది. మనకి ఈ ఏర్పాటు కొత్తదేం కాదు.

ఐజ్వాల్ క్లబ్ 1984లో పుట్టింది. 2015లో రెండో డివిజన్ గెలిచి 2015-16లో మొదటిసారి ఐ-లీగ్‌కి వచ్చింది. మిజోరాం నుంచి అక్కడిదాకా వచ్చిన తొలి క్లబ్ అదే. ఆ సీజన్లో తొమ్మిది జట్లు. ఐజ్వాల్ ఎనిమిదో స్థానంలో నిలిచింది. ఆఖరిదైన తొమ్మిదో స్థానం పుణెకి చెందిన డీఎస్‌కే శివాజియన్స్‌ది.

మరి కింది డివిజన్‌కి ఎవరు దిగాలి? ఆఖరున నిలిచిన జట్టు దిగాలి. దిగింది ఐజ్వాల్!

ఎందుకంటే శివాజియన్స్ ఒక రియల్ ఎస్టేట్ గ్రూపు పెట్టిన జట్టు. కింది డివిజన్లో ఆడి గెలిచి పైకి వచ్చింది కాదు, కార్పొరేట్ కోటాలో డబ్బు కట్టి నేరుగా లోపలికి వచ్చింది. అలా వచ్చిన జట్లకి కింద పడకుండా రక్షణ ఉంటుందని నిబంధన. కాబట్టి ఆడి వచ్చినవాళ్లు తమకంటే కింద ఉన్నవాళ్ల కోసం దిగిపోవాల్సి వచ్చింది.

దీన్ని ఏమంటారు మిత్రులారా? పేదోడికి ఇస్తే రిజర్వేషన్. డబ్బున్నోడికి ఇస్తే పాలసీ.

అదే 2016 మే నెలలో ఐజ్వాల్ ఫెడరేషన్ కప్ ఫైనల్ దాకా వెళ్లింది. అక్కడ మోహన్ బగాన్ చేతిలో 5-0తో ఓడింది. అయినా దేశంలో ఒక పెద్ద కప్పు ఫైనల్ ఆడిన జట్టు కింది డివిజన్లో ఉండటమేంటని ఎవరికైనా అనిపిస్తుంది. ఫెడరేషన్‌కి అనిపించలేదు. చివరికి ఐజ్వాల్ మళ్లీ పైకి రాగలిగింది గోవా క్లబ్బుల కోపం వల్ల. ఫెడరేషన్ లీగుల్ని మార్చే ప్రణాళిక తెచ్చింది. దాంతో పాత క్లబ్బులు రెండో స్థాయికి పడిపోతాయని సాల్గావ్‌కర్, స్పోర్టింగ్ గోవా నిరసనగా లీగ్ నుంచి తప్పుకున్నాయి. జట్లు తగ్గిపోయాయి కాబట్టి ఐజ్వాల్‌ని పిలిచారు. సీటు ఖాళీ అయ్యాక ఆఖరి నిమిషంలో పిలిచే స్పాట్ అడ్మిషన్ లాంటిది అది.

ఇక్కడ కాసేపు ఆగి మిజోరాం గురించి మాట్లాడుకోవాలి. మన పాఠ్యపుస్తకాల్లో మిజోరాం ఒక రాజధాని పేరు దగ్గర మొదలై అక్కడే అయిపోతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ఉన్నది దాదాపు 11 లక్షల మంది. అందులో 94 శాతం షెడ్యూల్డ్ తెగలు. 1966 మార్చిలో భారత వైమానిక దళం ఐజ్వాల్ మీద బాంబులు వేసింది. సొంత పౌరుల మీద, సొంత పట్నం మీద. మరుసటి ఏడాది నుంచి ఊళ్లకి ఊళ్లు ఖాళీ చేయించి, జనాన్ని రోడ్ల పక్కన సైన్యం కాపలాలో ఉంచారు. 1986లో ఒప్పందం కుదిరింది, 1987లో రాష్ట్రం వచ్చింది. ఆ రాష్ట్రపు పిల్లలు చదువుకో ఉద్యోగానికో మన నగరాలకి వస్తే ముఖం చూసి ఏ దేశం అని అడుగుతారు. కాలేజీ క్యాంటీన్లలో వాళ్లని పిలిచే పేర్లు మీకు తెలుసు. ఆ పేర్లు పిలిచేవాళ్లలో మనవాళ్లు లేరని గుండె మీద చేయి వేసుకుని చెప్పలేం.

ఆ రాష్ట్రం 2012లో సొంతంగా మిజోరాం ప్రీమియర్ లీగ్ పెట్టుకుంది. స్థానిక కేబుల్ చానల్ మ్యాచుల్ని ఇంటింటికీ చూపించింది. 2014లో సంతోష్ ట్రోఫీ గెలిచారు. అంటే 2017లో జరిగింది అద్భుతం కాదు. పత్రికలు అద్భుతం అనే రాశాయి. కింద ఉన్నవాళ్లు గెలిస్తే అద్భుతం, పైన ఉన్నవాళ్లు గెలిస్తే ప్రతిభ. ఆ పిల్లలు కొండ చరియల మీద చదును చేసుకున్న గ్రౌండ్లలో ఎన్నేళ్లు ఆడారో ఎవరూ లెక్క కట్టలేదు.

సీజన్ 2017 జనవరి 7న మొదలైంది. పది జట్లు, ఒక్కో జట్టుకి 18 మ్యాచ్‌లు. ఐజ్వాల్ కోచ్ ఖాలిద్ జమీల్. ఆయన ఏళ్ల తరబడి ముంబై ఎఫ్‌సీకి కోచ్‌గా చేసి, అక్కడ పని పోయాక ఐజ్వాల్ వచ్చారు. జయేష్ రాణే, అశుతోష్ మెహతా వంటి ముంబై కుర్రాళ్లు ఆయన జట్టులో ఉన్నారు. మధ్యలో ఆట నడిపింది సిరియా నుంచి వచ్చిన మహ్మూద్ అల్ అమ్నా. ఆఫ్రికా నుంచి వచ్చిన కామో బాయి, ఆల్‌ఫ్రెడ్ జర్యాన్ ఉన్నారు. మిగతా జట్టు చాలావరకు మిజో కుర్రాళ్లే. పెద్ద క్లబ్బులు వద్దన్నవాళ్లు, పెద్ద క్లబ్బులు చూడనివాళ్లు కలిసిన జట్టు. ఖర్చులో కోల్‌కతా, బెంగళూరు క్లబ్బులతో పోలికే లేదు.

ఏప్రిల్ 22. ఐజ్వాల్‌లోని రాజీవ్ గాంధీ స్టేడియం. ఎదురుగా మోహన్ బగాన్. 1889లో పుట్టిన క్లబ్, 1911లో బూట్లేసుకున్న బ్రిటిష్ జట్టుని ఓడించిందని మనం చరిత్రలో చదువుకున్న క్లబ్. రెండు జట్లకీ అప్పటికి పాయింట్లు సమానం. 83వ నిమిషంలో డిఫెండర్ జోమింగ్లియానా రాల్టే తలతో గోల్ కొట్టాడు. 1-0.

ఏప్రిల్ 30. ఆఖరి మ్యాచ్ షిల్లాంగ్‌లో, లజోంగ్ జట్టుతో. ఐజ్వాల్‌కి డ్రా చాలు. కానీ తొమ్మిదో నిమిషంలోనే లజోంగ్ తరఫున డిపాండా డికా గోల్ కొట్టాడు. అదే సమయంలో కోల్‌కతాలో చెన్నై సిటీ మీద బగాన్ గెలుపు దిశగా పోతోంది. అలాగే ముగిస్తే కప్పు మళ్లీ పాత కోటకే. 67వ నిమిషంలో విలియం లాల్నున్‌ఫెలా గోల్ కొట్టి స్కోరు సమం చేశాడు. 1-1. ఐజ్వాల్ 37 పాయింట్లు, బగాన్ 36. ఈశాన్య భారతం నుంచి జాతీయ లీగ్ గెలిచిన మొదటి క్లబ్ ఐజ్వాల్ అయింది. అదే సీజన్లో పట్టికలో అట్టడుగున నిలిచింది ఎవరో తెలుసా? ఖాలిద్ జమీల్‌ని వదులుకున్న ముంబై ఎఫ్‌సీ.

కథ ఇక్కడ ఆగితే సినిమా తీయొచ్చు. కానీ చరిత్ర ఇక్కడి నుంచే మొదలవుతుంది.

2010లోనే ఫెడరేషన్ రిలయన్స్ భాగస్వామిగా ఉన్న సంస్థకి 15 ఏళ్లకి 700 కోట్ల రూపాయల ఒప్పందంతో భారత ఫుట్‌బాల్ వాణిజ్య హక్కులన్నీ రాసిచ్చింది. 2014లో సినిమా తారలు, క్రికెటర్లు యజమానులుగా ఇండియన్ సూపర్ లీగ్ వచ్చింది. మొదట అది రెండు మూడు నెలల పండగ. 2017 నాటికి దాన్నే దేశపు అసలు లీగ్ చేయాలన్న పని జోరుగా సాగుతోంది. అంటే దేశ చాంపియన్ ఐజ్వాల్, కప్పు ఎత్తిన కొన్ని వారాలకే రెండో శ్రేణికి పడిపోయే ప్రమాదంలో నిలబడింది. చోటు ఇవ్వకపోతే ఆమరణ నిరాహారదీక్షకి కూర్చుంటామని క్లబ్ హెచ్చరించింది.

చాంపియన్లు నిరాహారదీక్ష చేస్తామనాల్సి రావడం! ఏ దేశంలోనైనా విన్నారా? ఇంగ్లండ్‌లో 2016లో లెస్టర్ గెలిచినప్పుడు వాళ్లని యూరప్‌కి పంపారు. ఐజ్వాల్‌ని లెస్టర్‌తో పోల్చిన పత్రికలు ఈ తేడా దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించాయి.

సూపర్ లీగ్‌లో కొత్త చోట్లకి 2017లో టెండర్ పిలిచారు. టెండర్ అంటే కోట్ల రూపాయల ఫీజు. జిందాల్ వారి బెంగళూరు, టాటాల జంషెడ్‌పూర్ లోపలికి వెళ్లాయి. చాంపియన్ బయటే ఉంది. ఆ సీజన్‌కి రెండు లీగులూ పక్కపక్కనే నడుస్తాయని తేల్చారు. 2018 జనవరిలో ఐజ్వాల్ ఆసియా చాంపియన్స్ లీగ్ అర్హత మ్యాచ్‌కి ఇరాన్ వెళ్లి జోబ్ అహన్ చేతిలో 3-1తో ఓడింది. అప్పటికే కోచ్, అల్ అమ్నా ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లిపోయారు. మిగతా ముఖ్యమైన ఆటగాళ్లు కూడా చెదిరిపోయారు. పైకి వెళ్లే దారి లేని క్లబ్‌లో మంచి ఆటగాడు ఎందుకు ఆగుతాడు?

2019-20 నుంచి సూపర్ లీగే దేశపు మొదటి లీగ్ అయింది. కేరళకి చెందిన గోకులం 2020-21, 2021-22లో వరుసగా ఐ-లీగ్ గెలిచింది. అయినా పైకి వెళ్లలేదు. అదే సమయంలో కోల్‌కతా పెద్ద క్లబ్బులు రెండూ 2020లో పెట్టుబడిదారుల చేయి పట్టుకుని లోపలికి నడిచాయి. ఆడి గెలిచి పైకి వెళ్లే తలుపు 2023లో కానీ తెరుచుకోలేదు. కిందికి దిగే తలుపు మాత్రం తెరవలేదు. 2024-25 దాకా సూపర్ లీగ్‌లో ఆఖరున నిలిచిన ఏ జట్టూ కిందికి దిగలేదు.

ఇక మన దగ్గరి ముచ్చట. ఒకప్పుడు సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ హైదరాబాద్ పేరు సూపర్ లీగ్‌లోకి ఎలా వచ్చింది? 2019లో పుణె ఫ్రాంచైజీ మూతపడితే ఆ చోటు కొనుక్కుని వచ్చింది. మొదటి సీజన్లో ఆఖరి స్థానం. దిగిపోలేదు. రెండేళ్లకి 2021-22లో కప్పు గెలిచింది. 2023-24లో 22 మ్యాచుల్లో 8 పాయింట్లతో మళ్లీ ఆఖరి స్థానం. అప్పుడూ దిగలేదు. 2025లో ఆ చోటు చేతులు మారి ఢిల్లీకి వెళ్లిపోయింది. పుణెలో పుట్టి, హైదరాబాద్‌లో ఆడి, ఢిల్లీ చేరిన ఆ చోటు ఒక్కరోజు కూడా కింది డివిజన్ మొహం చూడలేదు.

ఈ ఉదాహరణలో ఒక పాఠం ఉంది. మొదటి ఏడాది ఆఖరున నిలిచిన జట్టు మూడో ఏడాది చాంపియన్ ఎలా అయింది? కింద పడిపోకుండా రక్షణ ఉండబట్టి. నిలదొక్కుకునే సమయం దొరకబట్టి. కోచ్‌ని పెట్టుకుని, కుర్రాళ్లని తయారు చేసుకునే వెసులుబాటు ఉండబట్టి. మనం రిజర్వేషన్ గురించి చెప్పేది అక్షరాలా ఇదే కదా! అవకాశం, రక్షణ, కాస్త సమయం ఇస్తే ప్రతిభ బయటికి వస్తుంది. ఈ సూత్రం డబ్బున్నవాళ్లకి బాగా తెలుసు. వాళ్లు తమకోసం దాన్ని రాసుకున్నారు. మనం అడిగినప్పుడు మాత్రం మెరిట్ గుర్తొస్తుంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మిజోలు దళితులు కారు. వాళ్ల సమాజంలో మన ఊరు-వాడ విభజన లేదు. వాళ్ల గెలుపుని మన ఖాతాలో వేసుకోవడం తప్పు. ఐజ్వాల్ క్లబ్‌కి కూడా యజమాని ఉన్నాడు, వ్యాపారం ఉంది. మిజోరాంలోనే బ్రూలు, చక్మాలు ఎన్ని బాధలు పడ్డారో వాళ్ల చరిత్రలు చదివితే తెలుస్తుంది. అణచివేతకి గురైన ప్రతివాళ్లూ ఒకటే అని నినాదం ఇవ్వడం తేలిక, ఒక్కొక్కరి చరిత్రని విడిగా చదవడం కష్టం. ఆ కష్టం మనం పడాలి. నేను ఇక్కడ పోలుస్తున్నది మనుషుల్ని కాదు, గేటుని. బాబాసాహెబ్ శ్రేణీకృత అసమానత అన్నది ఇలాంటి మెట్ల ఏర్పాటుకే. పై మెట్టు మీద ఉన్నవాడు ఏం చేసినా కిందికి రాడు, కింది మెట్టు మీద ఉన్నవాడు ఏం చేసినా పైకి పోడు. ఐజ్వాల్ ఆ మెట్లని ఆటతో ఎక్కింది. అప్పుడు మెట్లనే జరిపేశారు.

ఖాలిద్ జమీల్ తర్వాత సూపర్ లీగ్‌లో పూర్తిస్థాయి హెడ్ కోచ్ అయిన మొదటి భారతీయుడయ్యారు. 2025లో భారత జట్టు కోచ్ అయ్యారు. ఎప్పుడైనా మనిషిని ఒక్కడిగా పైకి తీసుకోగలరు. అతను ఏ జట్టుతో గెలిచాడో ఆ జట్టుని మాత్రం బయట ఉంచగలరు. కాబట్టి ఒక్కరికి దొరికిన పదవి చూసి గేటు తెరుచుకుందని పొరబడకండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈసారి ఎవరైనా "ఆటల్లో రిజర్వేషన్ ఉందా" అని అడిగితే ఉందని చెప్పండి. 2016లో ఎనిమిదో స్థానం వాళ్లని దింపి తొమ్మిదో స్థానం వాళ్లని కాపాడింది ఏమిటో అడగండి. 2017లో చాంపియన్‌ని బయట నిలబెట్టింది ఏ మెరిట్టో అడగండి. ఆ పట్టిక వాళ్ల ముందు పెట్టి జవాబు వచ్చేదాకా అక్కడే కూర్చోండి.

వచ్చే భాగంలో 1924 బ్రెజిల్. నల్లజాతి కార్మికుల్ని జట్టు నుంచి తీసేయమంటే తీయబోమని వాస్కో డ గామా క్లబ్ రాసిన ఉత్తరం గురించి.

జై భీమ్.