చాతమ్ డాక్‌యార్డు: వారసత్వోత్సవాలు, శ్రమస్మృతి

ఇంగ్లండు ఆగ్నేయ భాగంలో, కెంట్ ప్రాంతంలోని మెడ్‌వే నది ఒడ్డున చాతమ్ పట్టణం ఉంది. మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో, 1567లో, ఇక్కడ రాజకీయ నౌకానిర్మాణశాల స్థిరపడింది. ట్రఫాల్గర్ యుద్ధంలో నెల్సన్ అధిష్ఠించిన విక్టరీ నౌక 1765లో ఇక్కడే జలప్రవేశం చేసింది. బ్రిటిష్ నౌకాదళం కోసం చాతమ్‌లో నిర్మించిన చివరి జలాంతర్గామి ఓసెలాట్ 1962లో నీటిలోకి దిగింది. 1981 జూన్‌లో ప్రభుత్వం డాక్‌యార్డు మూసివేతను ప్రకటించింది. 1984 మార్చి 31న దాని ద్వారాలు మూతపడ్డాయి. నాలుగు శతాబ్దాలకు పైబడిన వృత్తిపరంపర ఆనాటితో తెగిపోయింది.

డాక్‌యార్డులో అత్యంత పురాతనమైన సుమారు 80 ఎకరాల భాగాన్ని ఒక ట్రస్టుకు అప్పగించారు. నేడది మ్యూజియంగా, ఉత్సవస్థలంగా ప్రసిద్ధి పొందింది. ఇటువంటి స్థలాల్లో జరిగే వేడుకలను సాధారణంగా నౌకాదళ వైభవానికి నివాళిగా పరిగణిస్తారు. చాతమ్ విషయంలో ఆ దృష్టి చాలదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. వేడుకకు ఆతిథ్యమిచ్చేది ఎవరు, అందులో ఎవరి శ్రమకు చోటు దక్కుతుంది అనే రెండు ప్రశ్నలతో ఈ ఉత్సవాలను పరిశీలించినప్పుడే అవి ఎంతవరకు సామూహికమైనవో తేలుతుంది.

అతిథులు, ఆతిథేయులు

డాక్‌యార్డు పనిచేస్తున్న కాలంలోనూ అక్కడ ప్రజోత్సవాలు జరిగేవి. రెండు ప్రపంచయుద్ధాల మధ్యకాలంలో 'నేవీ వీక్' పేరిట, ఆ తరువాత 'నేవీ డేస్' పేరిట ఏడాదిలో కొద్దిరోజులు ద్వారాలు తెరిచి, పౌరులను యుద్ధనౌకల మీదికి అనుమతించేవారు. అప్పుడు ఆతిథేయి నౌకాదళమే. ఏది చూపాలో, ఏది దాచాలో అదే నిర్ణయించేది. పట్టణవాసులు టికెట్టు కొని ప్రవేశించే ప్రేక్షకులు. ఆ ఓడలకు మరమ్మతులు చేసిన కార్మికుడు కూడా ఆ రోజుల్లో భార్యాబిడ్డలతో అతిథిగానే లోపలికి వచ్చేవాడు.

మూసివేత తరువాత ఈ సంబంధం తలకిందులయింది. నౌకాదళం వెళ్లిపోయింది, పట్టణం మిగిలింది. మాజీ కార్మికులు, వారి కుటుంబాలవారు, స్థానిక చరిత్రాభిమానులు స్వచ్ఛంద సేవకులుగా చేరి పనిముట్లను, ఛాయాచిత్రాలను, జ్ఞాపకాలను సేకరించారు. 1786-1791 మధ్య నిర్మించిన సుమారు 346 మీటర్ల పొడవైన తాళ్ల కర్మాగారంలో నేటికీ తాళ్లు పేనుతున్నారు. సందర్శకుడు అక్కడ చూసేది కేవలం ప్రదర్శన కాదు, బతికి ఉన్న పని. నిన్నటి ప్రేక్షకులు నేటి వ్యాఖ్యాతలు కావడమే చాతమ్ ఉత్సవాల చరిత్రలో ముఖ్యమైన మలుపు.

పరాజయ స్మరణ

2017లో జరిగిన స్మారకోత్సవం ఈ మలుపుకు మంచి నిదర్శనం. 1667 జూన్‌లో డి రాయ్‌టర్ నాయకత్వంలోని డచ్ నౌకాదళం మెడ్‌వే నదిలోకి చొరబడింది. గిల్లింగ్‌హామ్ వద్ద నదికి అడ్డంగా కట్టిన ఇనుప గొలుసును ఛేదించి, లంగరు వేసి ఉన్న పెద్ద నౌకలకు నిప్పుపెట్టింది. రాజు పేరు మోస్తున్న రాయల్ చార్లెస్ నౌకను పట్టుకుపోయింది. దాని వెనుకభాగపు శిల్పం నేటికీ ఆమ్‌స్టర్‌డామ్‌లోని రెయిక్స్‌మ్యూజియంలో ఉంది.

ఈ దాడికి 350 ఏళ్లు నిండిన సందర్భంగా మెడ్‌వే పట్టణాలు డచ్ వారితో కలిసి వేడుకలు జరుపుకొన్నాయి. డాక్‌యార్డు మ్యూజియంలో ప్రత్యేక ప్రదర్శన ఏర్పాటయింది. జూన్ 17 రాత్రి 'మెడ్‌వే ఇన్ ఫ్లేమ్స్' పేరిట నది మీద బాణాసంచాతో నాటి దహనకాండను దృశ్యరూపంలో చూపారు. ఒక యుద్ధస్థలంలో ఓడినవారు గెలిచినవారిని పిలిచి తమ పరాజయాన్ని స్మరించుకోవడం అరుదైన విషయం. విజయగాథకు ఒక పక్షమే చాలు, పరాజయ స్మరణకు ఇరుపక్షాలూ కావాలి.

అయితే ఈ ఘటన మూలాలు శత్రువు శౌర్యంలో కన్నా ఖజానా లేమిలో ఎక్కువగా ఉన్నాయి. ధనాభావం వల్ల పెద్ద నౌకలను సముద్రంలోకి పంపక నదిలోనే నిలిపివేశారు. నావికులకు, డాక్‌యార్డు పనివారికి జీతాలు బకాయిపడ్డాయి. డచ్ నౌకల మీద ఇంగ్లిష్ నావికులు కూడా ఉన్న సంగతిని నౌకాదళ కార్యాలయ అధికారి శామ్యూల్ పెప్స్ తన దినచర్యలో నమోదు చేశాడు. చివరకు నిందను చాతమ్ కమిషనర్ పీటర్ పెట్ మీదికి నెట్టి అతణ్ణి లండన్ టవర్‌లో నిర్బంధించారు. తప్పులన్నీ ఒక్కడి నెత్తిన రుద్దిన ఈ తీరును ఆండ్రూ మార్వెల్ తన వ్యంగ్యకావ్యంలో ఎండగట్టాడు. మంటల దృశ్యం కనువిందు చేస్తుంది. జీతం అందని పనివాడి ఆగ్రహాన్ని దృశ్యంగా మలచడం అంత సులభం కాదు. ఉత్సవానికీ చరిత్రరచనకూ మధ్య ఉన్న దూరం ఇక్కడే కనిపిస్తుంది.

శ్రమకు దక్కిన చోటు

చార్లెస్ డికెన్స్ తండ్రి చాతమ్‌లో నౌకాదళ జీతాల కార్యాలయ ఉద్యోగి. ఆ రచయిత బాల్యంలో కొన్నేళ్లు ఈ పట్టణంలోనే గడిచాయి. తరువాతి కాలంలో అతడు రాసిన 'ది అన్‌కమర్షియల్ ట్రావెలర్' వ్యాసాల్లో ఒకటి ఈ డాక్‌యార్డును గురించినదే. ఇనుప యుద్ధనౌక అకిలీజ్ నిర్మాణాన్ని అతడు అందులో వర్ణించాడు. 1863లో జలప్రవేశం చేసిన ఆ నౌకతో చాతమ్ కొయ్య యుగం నుంచి ఇనుప యుగంలోకి అడుగుపెట్టింది. ఆ మార్పు సాఫీగా సాగలేదు. ఇనుప పనివారు సమ్మెకు దిగగా, ఓడ వడ్రంగులకే ఆ పని నేర్పి నిర్మాణాన్ని కొనసాగించారు. అకిలీజ్‌ను సాంకేతిక విజయంగా మాత్రమే కీర్తిస్తే ఈ వివాదం మరుగున పడుతుంది.

నేటి వేడుకల్లో 'సెల్యూట్ టు ది ఫార్టీస్' ప్రసిద్ధమైనది. 1940ల నాటి దుస్తులు, వాహనాలు, పాటలు, నృత్యాలతో అది జనాన్ని ఆకర్షిస్తుంది. యుద్ధకాలపు ఐకమత్యాన్ని తలచుకోవడంలో దోషం లేదు. కాని పట్టణ జీవితాన్ని మార్చివేసిన సంవత్సరాల్లో 1984కి కూడా అంతటి స్థానమే ఉంది. వేలాదిమంది ఒక్కసారిగా ఉపాధి కోల్పోయిన ఆ సంవత్సరానికి వేషభాషల ఆకర్షణ లేదు. ఆ జ్ఞాపకం మాజీ కార్మికుల మౌఖిక కథనాల్లోనే సజీవంగా ఉంది. వారు స్వయంగా సందర్శకులతో మాట్లాడినప్పుడు వేడుకకు సమకూరే బరువు వేషధారణ వల్ల రాదు.

వేడుకలో ఒదగని చరిత్ర

మరికొన్ని స్మృతులు ఉత్సవరూపంలో అసలు ఇమడవు. మెడ్‌వేలో లంగరు వేసిన జైలు ఓడల్లో నెపోలియన్ యుద్ధకాలపు ఖైదీలను బంధించారు. వారిలో అనేకులు అక్కడే మరణించారు. 19వ శతాబ్దం ద్వితీయార్ధంలో సెయింట్ మేరీస్ ద్వీపం వైపు డాక్‌యార్డును విస్తరించినప్పుడు భారీ జలాశయాల తవ్వకంలో శిక్షాఖైదీల చేత చాకిరీ చేయించారు. నేడు ఆ ద్వీపంలో నివాసగృహాలు వెలిశాయి.

1995లో ఒక పాత కార్ఖానా నేల కింద పెద్ద ఓడ దూలాలు బయటపడ్డాయి. అవి 1756లో చాతమ్‌లో జలప్రవేశం చేసిన నాముర్ నౌకవని పరిశోధకులు తరువాత నిర్ధారించారు. బానిసగా జీవితం ఆరంభించి 1789లో ఆత్మకథ ప్రచురించిన ఒలాడా ఎక్వియానో 1759 నాటి లాగోస్ సముద్రయుద్ధంలో ఈ నౌక మీదే ఉన్నాడు. ఒకే దూలం ఓడ వడ్రంగి నైపుణ్యానికి, సామ్రాజ్య విస్తరణకు, బానిసత్వ వేదనకు సాక్ష్యం పలుకుతోంది. ఈ మూడింటిలో మొదటిదాన్ని మాత్రమే చెప్పే ఉత్సవం అసత్యం చెప్పదు, అయినా సగమే చెబుతుంది.

విశాఖ సందర్భం

ఈ పరిశీలన తెలుగు పరిశోధకులకు దూరపు విషయం కాదు. 1969లో భారత నౌకాదళంలో చేరి 2001లో విరమించిన కురుసుర జలాంతర్గామి 2002 నుంచి విశాఖ సముద్రతీరంలో మ్యూజియంగా ఉంది. ఓసెలాట్ తన తోటి ఓడలను నిర్మించిన డాక్‌యార్డులోనే నిలిచింది. కురుసుర మాత్రం మరమ్మతుల చోటికి దూరంగా ఇసుక మీద నిలిచింది. అందువల్ల అది నావికుల జీవితాన్ని చక్కగా చూపగలదు గాని డాక్‌యార్డు కార్మికుణ్ణి గుర్తుచేయలేదు. 1971 నాటి కరాచీ దాడిని స్మరిస్తూ డిసెంబరు 4న జరుపుకొనే నౌకాదళ దినోత్సవ విన్యాసాల్లోనూ ఆతిథేయి నౌకాదళమే, ప్రజలు ప్రేక్షకులు. పూర్వపు చాతమ్ 'నేవీ డేస్' పద్ధతి కూడా ఇదే.

విశాఖ నౌకాస్థావరం, అక్కడి నౌకానిర్మాణ సంస్థలు నేడు పనిచేస్తున్నాయి. కాబట్టి వాటిని వారసత్వస్థలాలుగా చూడవలసిన అవసరం ఇంకా రాలేదు. కాని వారసత్వ సేకరణ మూసివేత దాకా ఆగవలసిన పని కాదు. వెల్డర్లు, ఫిట్టర్లు, రంగులు వేసేవారు, కళాసీలు తమలో తాము వాడుకునే తెలుగు వృత్తిపదాలు, పనిపాటల కథలు, ప్రమాదాల జ్ఞాపకాలు ప్రతి పదవీవిరమణతో కొంత కొంత చెదిరిపోతున్నాయి. వృత్తిపదకోశాలు, మౌఖిక చరిత్రలు తెలుగు శాఖల పరిశోధనక్షేత్రంలోనివే.

ముగింపు

చాతమ్ అనుభవం నుంచి గ్రహించదగిన విషయం ఒక్కటే. ఓడను భద్రపరచడానికి ధనమూ సాంకేతికతా చాలు. ఆ ఓడను కట్టిన మనిషి జ్ఞాపకాన్ని భద్రపరచాలంటే అతడు బతికి ఉండగా అడగాలి, అతడు చెప్పిన చేదును కూడా నమోదు చేయాలి. 2017లో చాతమ్ పరాజయానికి వేదిక ఇవ్వగలిగింది. 1984 మూసివేతకు, ఖైదీల చాకిరీకి అదే స్థాయిలో వేదిక దొరికినప్పుడు ఆ ఉత్సవం నిజంగా సామూహికమవుతుంది.