తాళంచెవి వెనుక తీగలు: మోటార్‌సైకిల్ ఇగ్నిషన్ స్విచ్ కథ

మోటార్‌సైకిల్ తాళంచెవి తిప్పగానే లోపల ఏం జరుగుతుందని అడిగితే మీలో చాలామంది "కరెంటు వస్తుంది" అంటారు. అది సగం నిజమే. మన దేశపు రోడ్లపై లక్షల సంఖ్యలో తిరిగిన బండ్లలో తాళం తిప్పితే రెండు తీగలు కలుస్తాయి, మరో రెండు తీగలు విడిపోతాయి. ఇంజను నడవగలగడానికి కారణం ఆ విడిపోవడమే. ఈ వింత ఏర్పాటు ఎలా వచ్చిందో తెలియనివారు బండి స్టార్టు కాకపోతే బాగున్న స్విచ్‌ను విప్పి పారేస్తారు. కొత్తది బిగించినా బండి కదలదు. అందుకే మరమ్మతు పాఠానికి ముందు కాస్త చరిత్ర చెప్పుకుందాం.

1885లో జర్మనీలో డైమ్లర్ నడిపించిన రెండు చక్రాల బండిలో విద్యుత్తే లేదు. దీపపు మంటతో ఎర్రగా కాల్చిన గొట్టం పెట్రోలు ఆవిరిని మండించేది. 1897లో బాష్ సంస్థ మాగ్నెటోను వాహనాలకు అనువుగా మార్చింది. 1902లో అదే సంస్థలోని గాట్లోబ్ హోనోల్డ్ హైవోల్టేజి మాగ్నెటోను రూపొందించాడు. మాగ్నెటో గొప్పతనమేమిటంటే దానికి బ్యాటరీ అక్కర్లేదు. ఇంజను తిరిగితే చాలు, తన స్పార్కు తానే పుట్టించుకుంటుంది. మరి దాన్ని ఆపడం ఎలా? కరెంటు ఇవ్వడం మానేద్దామంటే ఇచ్చేవాడే లేడు. కాబట్టి దాని ప్రైమరీ చుట్టను బండి ఇనుముకు, అంటే ఎర్తుకు, కలిపేయాలి. కలిపితే స్పార్కు చచ్చిపోతుంది. మాగ్నెటో బండికి సంబంధించినంతవరకు స్విచ్ అంటే ఆపడానికే తప్ప నడపడానికి కాదు. తాళంచెవి లేని ఆ రోజుల్లో కిక్ కొట్టగలిగిన ప్రతివాడూ యజమానే!

రెండో దారి అమెరికా నుంచి వచ్చింది. 1910 కాడిలాక్ కార్లలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన బ్యాటరీ ఇగ్నిషన్‌ను అమర్చారు. బ్యాటరీ నుంచి స్విచ్‌కు, స్విచ్ నుంచి కాయిల్‌కు, అక్కడి నుంచి పాయింట్లకు కరెంటు వెళుతుంది. ఇక్కడ స్విచ్ దారి మధ్యలో కూర్చున్న గేటు. మూస్తే నడక లేదు. ఒక పద్ధతిలో తీగ తెగితే ఇంజను ఆగుతుంది, మరో పద్ధతిలో తీగ తెగితే ఇంజను ఆగనే ఆగదు. ఈ తేడాను బాగా గుర్తుంచుకోండి.

మన దేశంలో 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా, 1960లో మైసూరులో ఐడియల్ జావా ఏర్పడ్డాయి. పాయింట్లు, కాయిల్ ఉన్న బుల్లెట్‌లో హెడ్‌లైటు పైభాగాన చిన్న అమ్మీటరు ఉండేది. చాలామంది దాన్ని అలంకారం అనుకున్నారు గాని నిజానికి అది ఒక ఉపాధ్యాయుడు. తాళం తిప్పి కిక్‌ను నెమ్మదిగా నొక్కితే పాయింట్లు మూసుకున్నప్పుడు ముల్లు డిశ్చార్జి వైపు వాలుతుంది, తెరుచుకున్నప్పుడు వెనక్కి వస్తుంది. ముల్లు అసలు కదలకపోతే స్విచ్, తీగ, పాయింట్లు ఈ మూడింటిలో ఎక్కడో దారి తెగిందని అర్థం. వాలిన ముల్లు అలాగే ఉండిపోతే పాయింట్లు తెరుచుకోవడం లేదు, లేదా ఎక్కడో షార్టు ఉంది. ఏ పనిముట్టూ అక్కర్లేకుండా ఇంత చెప్పే పరికరం ఆ తరువాతి బండ్లలో మళ్లీ రాలేదనే నా అభిప్రాయం. ఇక పాత జావా తాళంచెవికి పళ్లే ఉండేవి కావు. అది ఒక గుండ్రటి కడ్డీ. ఒకరి చెవి మరొకరి బండికీ పట్టేది.

1984, 1986 మధ్య జపాను సంస్థల భాగస్వామ్యంతో 100 సీసీ బండ్లు వచ్చాయి. వాటితో సీడీఐ అనే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఊరూరికీ చేరింది. పాయింట్లు పోయాయి. కాని చాలా బండ్లలో స్పార్కుకు కావలసిన కరెంటు మాగ్నెట్ లోపలి చుట్ట నుంచే వచ్చేది. అంటే మాగ్నెటో కాలపు తర్కం కొత్త వేషంలో తిరిగి వచ్చిందన్నమాట. అప్పటి హీరో హోండా బండ్ల స్విచ్ నుంచి నాలుగు తీగలు బయటికి వస్తాయి. ఎరుపు బ్యాటరీది. నలుపు హారనుకు, ఇండికేటర్లకు వెళుతుంది. నలుపుపై తెలుపు గీత ఉన్నది సీడీఐ నుంచి వస్తుంది. ఆకుపచ్చ ఎర్తు. తాళం ఆన్ చేస్తే ఎరుపు, నలుపు కలుస్తాయి. గీత తీగ, ఆకుపచ్చ విడిపోతాయి. ఆఫ్ చేస్తే సరిగ్గా దీనికి విరుద్ధం.

ఇప్పుడు మీ ఎదుట ఇలాంటి బండి ఉందనుకోండి. హారను మోగదు, ఇండికేటరు వెలగదు, కాని కిక్ కొడితే ఇంజను నడుస్తుంది. దోషం బ్యాటరీ, ఫ్యూజు, ఎరుపు నలుపు తీగల వైపే ఉంది. హారను మోగుతూ స్పార్కు లేకపోతే సీడీఐ దగ్గర గీత తీగను విడదీసి కిక్ కొట్టండి. ప్లగ్గు ఒంటిని ఇంజను ఇనుముకు ఆనించే ఉంచాలి. గాలిలో వదిలేస్తే సీడీఐ కాలిపోవచ్చు. అప్పుడు స్పార్కు వస్తే సీడీఐ మంచిదే. స్విచ్ లోపలగాని, దారిలో ఒరిసిపోయిన చోటగాని ఆ తీగ ఎర్తుకు తగులుతోంది. తాళం ఆఫ్ చేసినా ఇంజను ఆగకపోతే ఆ తీగ తెగిందన్నమాట. అప్పుడు టాప్ గేరులో బ్రేకు నొక్కి క్లచ్ వదిలి ఆపుకోవాలి.

రంగులను గుడ్డిగా నమ్మవద్దు. హోండాలో నలుపు తాళం తరువాత వచ్చే కరెంటు, యమహాలో అదే నలుపు ఎర్తు. సుజుకిలో నలుపుపై తెలుపు గీత ఉన్న తీగే ఎర్తు. కవాసాకీలో బ్యాటరీ తీగ తెలుపు. ఒక సంస్థ బండ్లపై చేయి తిరిగిన కుర్రాడు మరో సంస్థ బండి ముట్టుకుని ఫ్యూజు ఎగరగొట్టుకోవడానికి కారణం చాలాసార్లు ఇదే. ఫ్యూజుకు బదులు రాగి తీగ చుట్టి ఉంటే ఎగిరేది ఫ్యూజు కాదు, మొత్తం వైరింగే కాలుతుంది.

స్విచ్ మార్చేముందు బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీయండి. హెడ్‌లైటు విప్పి స్విచ్ కప్లర్ లాగి, మీటరుతో తాళం రెండు స్థానాల్లోనూ ఏ తీగ దేనితో కలుస్తోందో చూసి కాగితంపై రాసుకోండి. పరీక్షిస్తున్నప్పుడు తీగలను అటూ ఇటూ కదిలించండి. హ్యాండిల్ తిరిగిన ప్రతిసారీ వంగే చోట రాగి పోగులు లోపల తెగి, పైన తొడుగు మాత్రం చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. స్విచ్ మీద పడే నింద చాలావరకు ఈ జానెడు తీగదే. అది తేలితే అతికి, టేపు చుట్టి వాడుకోవచ్చు, లాక్‌సెట్టు ఖర్చు తప్పుతుంది. స్విచ్‌దే తప్పని తేలితే మాత్రం పెట్రోలు మూత, పక్క తాళం కూడా ఉన్న పూర్తి సెట్టు కొనండి, లేకుంటే జేబులో రెండు చెవులు మోయాలి.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక చాలావరకు కార్బురేటర్ల స్థానంలో ఫ్యూయల్ ఇంజెక్షన్ చేరింది. ఈ బండ్లలో పెట్రోలు పంపుకు, కంప్యూటరుకు కరెంటు తాళం గుండానే వెళ్లాలి. కెటరింగ్ గేటు మళ్లీ గెలిచింది. ఇక్కడ గీత తీగ కోసం వెతికి దొరికినదాన్ని ఎర్తుకు తాకించే పాత అలవాటు కంప్యూటరును బలి తీసుకోగలదు. బదులుగా తాళం ఆన్ చేసి, స్విచ్‌కు ముందూ వెనుకా వోల్టేజి కొలవండి. తేడా అర వోల్టు దాటితే లోపలి కాంటాక్టులు మసిబారాయి.

కొత్త స్విచ్ బిగించాక ఇంజను నడుస్తుండగా హ్యాండిల్‌ను ఎడమ చివరికి, కుడి చివరికి పూర్తిగా తిప్పి చూడండి. ఎక్కడైనా ఇంజను తడబడితే తీగ బిగుసుకుంటోంది. క్లిప్పు వదులు చేసి, అంగుళం జాగా ఇచ్చి మళ్లీ కట్టండి.