కంచు సైనికుడు కదిలిన రాత్రి

ఎస్తోనియా రాజధాని టాలిన్ నడిబొడ్డున, టోనిస్‌మ్యాగి అనే చిన్న గుట్ట మీద ఒక కంచు సైనికుడు దాదాపు అరవై ఏళ్లు తల వంచుకుని నిలబడ్డాడు. మనిషి కంటే కాస్త ఎత్తు. ఇనుప టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. 1947లో సోవియట్ పాలకులు ఆయన్ని అక్కడ నిలబెట్టారు. పక్కనే యుద్ధంలో పోయిన ఎర్ర సైనికుల సమాధులు. ఎస్తోనియాలో రష్యన్ మాట్లాడే కుటుంబాలవాళ్లు ఏటా మే 9న అక్కడికి పూలు పట్టుకుని వచ్చేవారు. నాజీలతో పోరాడి చనిపోయిన తాతలకు దండం పెట్టుకునే చోటు వాళ్లకది. ఎస్తోనియన్లకు మాత్రం ఆ బొమ్మను చూస్తే 1949 మార్చి గుర్తొచ్చేది. ఆ నెలలో ఇరవై వేలమందికి పైగా జనాన్ని, అందులో ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు, రైలు పెట్టెల్లో కుక్కి సైబీరియాకు తోలారు. ఒకే బొమ్మ ముందు ఒకరు కళ్లు తుడుచుకునేవారు, ఇంకొకరు మొహం తిప్పుకుని సాగిపోయేవారు.

2007 ఏప్రిల్ 26న పోలీసులు ఆ గుట్ట చుట్టూ కంచె వేశారు. విగ్రహాన్ని సైనిక శ్మశానానికి తరలించాలని ప్రధాని ఆండ్రుస్ అన్సిప్ ప్రభుత్వం నిర్ణయించింది. సాయంత్రానికి జనం పోగయ్యారు. చీకటిపడేసరికి రాళ్లు లేచాయి, దుకాణాల అద్దాలు పగిలాయి. ఆ రాత్రి ఒక కుర్రవాడు కత్తిపోటుతో చనిపోయాడు. తెల్లవారకముందే విగ్రహాన్ని పెకలించి పట్టుకుపోయారు. మర్నాటి రాత్రీ అల్లర్లే. రెండు రాత్రుల్లో వెయ్యిమందికి పైగా అరెస్టయ్యారు.

వీధి ఇంకా సద్దుమణగకముందే, ఏప్రిల్ 27 రాత్రి నుంచి గొడవ తీగల్లోకి దిగింది.

ఎస్తోనియా జనాభా పదమూడు లక్షల పైచిలుకు. మన విశాఖపట్నం ఒక్కటే అంతకంటే పెద్దది. 1991లో స్వతంత్రం వచ్చేనాటికి చేతిలో డబ్బు లేదు, పాత ఫోన్ తీగలు తప్ప వేరే ఆధారం లేదు. అయినా 1996లోనే ప్రతి బడికీ కంప్యూటర్ చేర్చే పని మొదలుపెట్టారు. స్కైప్ సాఫ్ట్‌వేర్ రాసింది ఎస్తోనియా కుర్రాళ్లే. 2002 నుంచి పౌరులకు చిప్ ఉన్న గుర్తింపు కార్డులు ఇచ్చారు. విగ్రహం కదలడానికి రెండు నెలల ముందు జరిగిన పార్లమెంటు ఎన్నికల్లో 30,275 మంది ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్‌లో ఓటేశారు. ఒక దేశం పార్లమెంటు ఎన్నికల్లో ఆ పని చేయడం ప్రపంచంలో అదే మొదటిసారి. బ్యాంకు పనులన్నీ ఇంటినుంచే. బ్యాంకుకు నడిచి వెళ్లడమన్నది జనం మరిచిపోతున్న అలవాటు. అలాంటి దేశంలో తీగ తెగితే ఏమవుతుందో ఆ వసంతకాలం దాకా ఎవరికీ అనుభవం కాలేదు.

ముందు దెబ్బలు ప్రభుత్వం మీద పడ్డాయి. పార్లమెంటు, మంత్రిత్వ శాఖలు, ప్రధాని పార్టీ వెబ్‌సైట్లు వరసగా కూలాయి. అన్సిప్ క్షమాపణ చెబుతున్నట్టు ఒక దొంగ లేఖ ఆయన పార్టీ సైటులోనే ప్రత్యక్షమైంది. తర్వాత వంతు పత్రికలది. పోస్టిమేస్ ఆ దేశపు పెద్ద దినపత్రికల్లో ఒకటి. దాని కంప్యూటర్ విభాగం పెద్ద అగో వ్యార్సి తెర మీద లెక్కలు చూసి నమ్మలేకపోయాడు. పుటలు తెరుస్తున్నవారి సంఖ్య లక్షలు దాటి పోతోంది. సర్వర్ పడిపోతోంది, లేపుతున్నారు, మళ్లీ పడిపోతోంది. ఎక్కడినుంచి వస్తున్నారా అని చూస్తే ఈజిప్టు, వియత్నాం, పెరూ! ఎస్తోనియన్ భాషలో ఒక్క ముక్క రాని దేశాలు టాలిన్ వార్తల కోసం ఎందుకు ఎగబడతాయి?

ఈ దాడి పద్ధతి చాలా మొరటుది. సంక్రాంతి ముందురోజు బస్టాండులో ఒక్కటే టికెట్ కిటికీ ఉందనుకోండి. ఊరికి వెళ్లే ఉద్దేశమే లేని లక్షమంది వచ్చి వరసలో నిలబడ్డారు. ఒక్కొక్కరూ కిటికీ దగ్గర "బస్సెప్పుడు?" అని అడిగి, జవాబు వినకుండానే మళ్లీ వరస చివరకు పోయి నిలబడుతున్నారు. చంటిబిడ్డతో ఊరికి పోవాల్సిన తల్లికి కిటికీ అందదు. ఎవరూ దేన్నీ దొంగిలించలేదు, పగలగొట్టలేదు, కానీ బస్టాండు చచ్చిపోయింది. ఆ లక్షమంది కూడా మనుషులు కారు. ఎక్కడో ఇళ్లలో, కాలేజీల్లో ఉన్న కంప్యూటర్లవి. వాటిలోకి ఎప్పుడో దూరిన వైరస్ వాటిని బానిసలుగా మార్చింది. యజమానికి తెలియకుండానే అవి ఇంకెవరో చెప్పిన చోటికి పరుగెడతాయి. వాటి గుంపునే బాట్‌నెట్ అంటారు.

వ్యార్సికి మిగిలిన దారి ఒక్కటే. బయటి దేశాల రాకపోకలను మొత్తంగా తెంపేశాడు. దేశంలో ఉన్నవాళ్లకు పత్రిక మళ్లీ కనిపించింది. బయటి ప్రపంచానికి మాత్రం ఎస్తోనియా గొంతు మూగబోయింది. నిజానికి ఆ రోజుల్లో తమ గొంతు బయటికి వినిపించడమే వాళ్లకు అన్నిటికంటే అవసరం. ఒక పత్రికవాడిగా ఆ మీట నొక్కిన చెయ్యి ఎంత బరువెక్కి ఉంటుందో నేను ఊహించుకోగలను.

దేశం తరఫున దాడికి ఎదురు నిలవాల్సింది ఎవరు? అప్పటికి ఏడాది కిందటే పుట్టిన ఒక చిన్న బృందం. కంప్యూటర్ ప్రమాదాలకు స్పందించే జాతీయ బృందాలను సర్ట్ అంటారు. మన దేశానికి అలాంటిది 2004 నుంచీ ఉంది. ఎస్తోనియా సర్ట్‌కు పెద్ద హిల్లార్ ఆరెలాయిద్, ఒకప్పటి పోలీసు అధికారి. బ్యాంకుల సాంకేతిక నిపుణులను, ఇంటర్నెట్ సంస్థల వాళ్లను, పోలీసులను ఆయన ఒక్క తాటి మీదికి తెచ్చాడు. చిన్న దేశం కావడం అక్కడ కలిసొచ్చింది. ఒకరికొకరు ముఖ పరిచయం ఉన్నవాళ్లు. దస్త్రం కదిలేదాకా ఆగకుండా నేరుగా ఫోన్ చేసుకోగలిగారు.

అయితే దాడి చేస్తున్న యంత్రాలు ప్రపంచమంతా పరచుకుని ఉన్నాయి. వాటిని పుట్టినచోటే ఆపాలంటే ఆయా దేశాల్లో పెద్ద నెట్‌వర్కులు నడిపేవాళ్లు కదలాలి. వాళ్లు ఎవరి మాట పడితే వారి మాట వినరు. "ఫలానా చిరునామాలను ఆపేయండి" అని ముక్కూ మొహం తెలియనివాడు అడిగితే ఆపేసే వ్యవస్థ ఉంటే, రేపు దాన్నే ఆయుధంగా వాడుకోవచ్చు కదా. అందుకని వాళ్లలో వాళ్లకు ఒక నమ్మకపు వలయం ఉంటుంది. లోపల ఉన్నవాళ్లు పూచీపడితేనే బయటివాడి మాట చెల్లుతుంది. ఆరెలాయిద్ ఆ వలయంలో లేడు.

ఇక్కడ కాలం కలిసొచ్చింది. ఐరోపా ఇంటర్నెట్ ఇంజినీర్ల సమావేశం ఒకటి ముందే ఖరారై, సరిగ్గా ఆ మే 7 నుంచి 11 వరకు టాలిన్‌లోనే జరుగుతోంది. స్వీడన్ నుంచి కుర్టిస్ లిండ్‌క్విస్ట్, అమెరికా నుంచి బిల్ వుడ్‌కాక్ వచ్చారు. ఇంటర్నెట్ చిరునామాలకు ఆధారమైన మూల సర్వర్లలో ఒకదాన్ని అప్పట్లో లిండ్‌క్విస్ట్ పనిచేసే సంస్థే నడిపేది. ఆ వలయంలో వీళ్ల మాటకు తిరుగు లేదు.

మే 8 రాత్రి. రష్యా విజయదినం మే 9. టాలిన్‌లో పదకొండు కొడితే మాస్కోలో అర్ధరాత్రి, అంటే విజయదినం మొదలైనట్టే. అప్పుడే పెద్ద దెబ్బ పడుతుందని ఆరెలాయిద్ లెక్కగట్టాడు. సర్ట్ గదిలో ఆయనా, ఆ అతిథులూ తెర మీద రాకపోకల గీత చూస్తూ కూర్చున్నారు. గది నిశ్శబ్దంగా ఉండి ఉంటుంది. తుపాను తీరం దాటే రాత్రి కంట్రోల్ రూములో కూర్చున్నవాళ్లకు ఆ నిశ్శబ్దం తెలుసు.

పదకొండు. గీత నిట్టనిలువుగా లేచింది. సెకనుకు 40 లక్షల సమాచార ప్యాకెట్లు. మామూలు రోజుతో పోలిస్తే దాదాపు రెండు వందల రెట్లు. పదుల సంఖ్యలో వెబ్‌సైట్లు ఒక్కసారిగా నేలకూలాయి. వీళ్లు దాడి వస్తున్న చిరునామాలు పట్టుకోవడం, ఆ నెట్‌వర్కు ఎవరిదో గుర్తుపట్టడం, లిండ్‌క్విస్ట్, వుడ్‌కాక్ తమ పేరు మీద వాళ్లకు సందేశం పంపడం. అవతల ఎవరో దాన్ని చదివి ఆ యంత్రాన్ని ఆపడం. మళ్లీ ఇంకో చిరునామా. తెల్లవారేసరికి ఆ గీత కిందికి దిగింది.

పోరు అంతటితో ముగియలేదు. మే 10న దేశపు అతిపెద్ద బ్యాంకు హన్సాపాంక్ కొంతసేపు ఆన్‌లైన్ సేవలు ఆపేయాల్సి వచ్చింది. మే 18 దాకా అలలు వస్తూనే ఉన్నాయి. మొత్తం 22 రోజులు.

ఈ కథలో నన్ను కట్టిపడేసింది ఆ రాత్రి సాహసం కంటే, ఆ దేశం నోరు తెరిచిన తీరు. బ్యాంకు మూతపడితే పరువు పోతుందని దాచవచ్చు. "సాంకేతిక కారణాలు" అని ఒక చీటీ అంటించి ఊరుకోవచ్చు. మన ఇళ్లలోనే చూస్తున్నాం, ఫోన్లో మోసపోయి లక్షలు పోగొట్టుకున్న పెద్దాయన కన్నకొడుక్కి కూడా చెప్పుకోడు. సంస్థలూ అంతే. 2022 ఏప్రిల్‌లో మన సర్ట్, దాడిని గమనించిన 6 గంటల్లోగా తెలపాలని నిబంధన పెట్టాల్సి వచ్చిందంటే దాచుకునే అలవాటు ఎంత లోతుగా ఉందో తెలుస్తుంది. ఎస్తోనియా మాత్రం మమ్మల్ని కొడుతున్నారని ఐరోపా దేశాలకు, నాటోకు బహిరంగంగా చెప్పింది.

చెప్పడంలో తొందర కూడా పడింది. మే 1నే విదేశాంగ మంత్రి ఉర్మాస్ పాయెత్ వేలు నేరుగా రష్యా ప్రభుత్వ కార్యాలయాల వైపు చూపించాడు. క్రెమ్లిన్ కాదంది. దాడికి సూచనలు రష్యన్ భాషలో చేతులు మారాయన్నది నిజమే. కానీ ఆదేశం ఎవరిచ్చారు? క్రెమ్లినే నడిపిందని కచ్చితంగా చెప్పలేనని ఆ సెప్టెంబరులో రక్షణ మంత్రి యాక్ ఆవిక్సో ఒప్పుకున్నాడు. దెబ్బ తగిలిందని చెప్పడానికి ఆధారం అక్కర్లేదు, కొట్టిందెవరో చెప్పడానికి కావాలి. ఆ తేడా ఎస్తోనియా తడబడి నేర్చుకుంది. దర్యాప్తుకు సాయపడమని అడిగితే ఒప్పందం వర్తించదంటూ రష్యా జూన్‌లో తోసిపుచ్చింది. చివరికి శిక్ష పడింది ఒకే ఒక్కడికి. ఎస్తోనియాలోనే ఉండే ఇరవై ఏళ్ల విద్యార్థి, ప్రధాని పార్టీ సైటు మీద దాడిచేసినందుకు 17,500 క్రూన్ల జరిమానా.

న్యాయం అంతటితో ఆగినా, పని ఆగలేదు. ఏడాది తిరక్కుండానే, 2008 మే 14న ఏడు దేశాలు కలిసి టాలిన్‌లోనే సైబర్ రక్షణ కేంద్రం పెట్టాయి. ఇది నాటో గుర్తింపు పొందిన కేంద్రం. 2007లో ఇలాంటి దాడిని యుద్ధం అనాలా, నేరం అనాలా అన్నదానికి జవాబు లేదు. యుద్ధ నియమాలు తీగల మీద ఎలా వర్తిస్తాయో న్యాయనిపుణులు కూర్చుని రాసిన గ్రంథం 2013లో వెలువడింది. దాని పేరే టాలిన్ మాన్యువల్. సైబర్ దాడికి కూడా ఉమ్మడిగా స్పందించవచ్చని 2014లో నాటో ఒప్పుకుంది. 2017లో ఎస్తోనియా తన ముఖ్యమైన దస్త్రాల నకళ్లు లక్సెంబర్గ్‌లో దాచుకునేందుకు ఒప్పందం చేసుకుంది. ఆ సర్వర్ల గదికి రాయబార కార్యాలయానికి ఉండేలాంటి రక్షణే ఉంది. నేల పోయినా రాజ్యం పోకూడదన్న ఆలోచన, పదేపదే ఆక్రమణకు గురైన చిన్న దేశానికే తట్టగలదు.

మరొకరి సంగతి కూడా చెప్పాలి. 2007లో మాస్కోలో ఎస్తోనియా రాయబారి మరీనా కల్యురాంద్. ఆమె తల్లి రష్యన్. యువజన గుంపులు రోజుల తరబడి రాయబార కార్యాలయాన్ని చుట్టుముట్టాయి. మే 2న పత్రికలవాళ్లతో మాట్లాడబోతే అక్కడికీ చొచ్చుకొచ్చాయి. ఎనిమిదేళ్ల తర్వాత ఐక్యరాజ్యసమితి సైబర్ నిపుణుల బృందంలో ఎస్తోనియా తరఫున కూర్చున్నది ఆమే. అదే బల్ల దగ్గర రష్యా ప్రతినిధి కూడా ఉన్నాడు. ఆ బృందంలోని 20 దేశాలు 2015లో ఒప్పుకున్న నియమాల్లో ఒకటి నాకు మరీ ఇష్టం: ఏ దేశమూ ఇంకో దేశపు సర్ట్ బృందానికి హాని చేయకూడదు. ఆరెలాయిద్ గదిలాంటి గదులకు యుద్ధభూమిలో వైద్యుల గుడారానికి ఇచ్చే మర్యాద ఇచ్చారన్నమాట. కాగితం మీది మాటే కావచ్చు. కాగితం మీద కూడా లేని రోజు నుంచి వచ్చిన మాట అది.

నోరు తెరవడం అన్నిటికంటే కష్టమైన రోజు 2017లో వచ్చింది. ఈసారి శత్రువు ఎవరూ లేరు. తప్పు తమ గుర్తింపు కార్డుల చిప్పులోనే ఉందని చెక్ పరిశోధకులు కనిపెట్టారు. దాదాపు ఏడున్నర లక్షల కార్డులు. జనాభాలో సగానికి పైగా. నెలన్నరలో స్థానిక ఎన్నికలు, ఆ కార్డుతోనే ఇంటర్నెట్ ఓటు. అయినా కబురు అందిన వారం రోజుల్లోపే ప్రధాని యూరి రాతాస్ జనం ముందుకొచ్చి, కార్డులో లోపం ఉంది, సరిచేస్తున్నాం అని చెప్పాడు. ఎన్నికలు జరిగాయి. నవంబరులో ఆ కార్డుల్లోని పాత డిజిటల్ ధ్రువపత్రాలను నిలిపేసి కొత్తవి ఇచ్చారు.

2022 ఆగస్టు 16న మళ్లీ ఒక యుద్ధ చిహ్నం కదిలింది. రష్యా సరిహద్దులోని నార్వా పట్టణం దగ్గరున్న సోవియట్ ట్యాంకును తీసి టాలిన్ దగ్గరి మ్యూజియానికి తరలించారు. మర్నాడే 2007 తర్వాత అంత పెద్ద దాడి విరుచుకుపడింది. కిల్‌నెట్ అనే రష్యన్ ముఠా తమ పనేనని చెప్పుకుంది. బ్యాంకులు నడిచాయి, ప్రభుత్వ సైట్లు తెరుచుకున్నాయి, పత్రికలు అచ్చయ్యాయి. దేశపు డిజిటల్ వ్యవహారాలు చూసే అధికారి అప్పుడు లూకస్ ఇల్వెస్. 2007లో ఆ దేశ అధ్యక్షుడిగా ఉన్న తోమాస్ హెండ్రిక్ ఇల్వెస్ కొడుకు. దాడిని జనం దాదాపుగా గమనించనేలేదని ఆయన రాశాడు. గమనించని జనానికి, పనిగట్టుకుని, మర్నాడే చెప్పాడు.