గోడకు పూసిన ఉప్పు, తొట్టిలో కరిగిన ఉప్పు

మడికొండలో మా ఇంటి బోరు నీళ్లలో టెస్ట్ కిట్ చుక్కలు వేస్తే, చేపల తొట్టిలో పోయకముందే ఎర్రగా తిరుగుతాయి. నైట్రేట్ ముందే ఉందన్నమాట. తొట్టిలో నైట్రేట్ పెరిగితే నీళ్లు మార్చమంటారు. మార్చే నీళ్లే ఇట్లా ఉంటే ఏం మార్చేది? తాగునీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములు మించొద్దని మన దేశ ప్రమాణం. తెలంగాణలో ఆ గీత దాటిన బోర్లకు కొదవ లేదు. పొలంలో చల్లిన యూరియా, సెప్టిక్ ట్యాంకులు, పెంటకుప్పలు, అన్నింటి సారమూ దిగేది భూమిలోకే. కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో పనిచేసినవాణ్ణి కనుక ఫిల్టర్ నేనే కట్టుకున్నాను.

ఇప్పుడు వదిలించుకోవాలని చూస్తున్న ఈ నైట్రేట్ కోసమే ఒకప్పుడు మనుషులు గోడలు గీకారు. పశువుల కొట్టాల మట్టిగోడల అడుగున తెల్లగా పూసే పెట్లుప్పు అదే. ఆ మట్టిని కుండలో వేసి, నీళ్లు పోసి, కిందికి దిగిన ఊటను కాచి చల్లారిస్తే సురేకారం పేరుకుంటుంది. బొగ్గు, గంధకం కలిపితే తుపాకిమందు. 17, 18 శతాబ్దాల్లో డచ్చి, ఇంగ్లీషు కంపెనీలు బీహార్ నుంచి దాన్ని ఓడలకెత్తాయి. అక్కడ ఆ పని నోనియాలది. మన దగ్గర చెరువులు తవ్విన ఉప్పరులు చవుడు మట్టి నుంచి ఉప్పు తీసే పనీ ఎరిగినవాళ్లు. ఏ మట్టిలో ఏముందో చేతివేళ్లతో కనిపెట్టిన వీళ్ల పేర్లు రసాయనశాస్త్ర చరిత్రలో కనిపించకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

పెట్లుప్పు ఎలా పుడుతుందో తేలింది 1877లో. ఫ్రాన్సులో ష్లోసింగ్, మ్యూంజ్ అనే ఇద్దరు ఇసుక, సున్నపురాయి నింపిన గొట్టంలోంచి మురుగునీటిని మెల్లగా దింపారు. మొదట్లో ఏ మార్పూ లేదు. కొన్ని వారాలకు అమ్మోనియా పోయి నైట్రేట్ రావడం మొదలైంది. గొట్టంలోకి క్లోరోఫాం ఆవిరి పంపగానే ఆగిపోయింది. అంటే పనిచేస్తున్నది ప్రాణమున్నదే! ఆ బ్యాక్టీరియాను 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ అనే శాస్త్రవేత్త వేరుచేశారు. అక్వేరియం ఫిల్టరు స్పాంజిలో కాపురముండేది ఆ జాతివే. చేప మలమూత్రాల్లోంచి వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చి అక్కడితో ఊరుకుంటాయి.

దాన్నీ విడగొట్టే బ్యాక్టీరియా సంగతి 1880లలో గయోన్, డ్యుపెటి అనే శాస్త్రవేత్తలు బయటపెట్టారు. వాటికి గాలి ఆడకూడదు. నా ఫిల్టరంతా ఆ ఏర్పాటే. పీవీసీ పైపు ముక్క, రెండు మూతలు, లోపల చుట్టలుగా సన్నని ఎయిర్ ట్యూబు. నీళ్లు చుట్టల్లో సాగేకొద్దీ కరిగున్న ఆక్సిజన్ అయిపోతుంది. అప్పుడు చివరి చుట్టల్లోని బ్యాక్టీరియా నైట్రేట్‌లోని ఆక్సిజన్‌ను లాక్కుంటుంది. మిగిలిన నత్రజని బుడగలై పోతుంది. బ్యాక్టీరియా తిండికి రవ్వంత చక్కెర నీళ్లు. కిటుకంతా చుక్కల వేగంలో ఉంది. వేగం ఎక్కువైతే నైట్రైట్ దగ్గరే ఆగిపోతుంది. అది చేపలకు ఇంకా విషం. మరీ తగ్గితే కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. ఆ నీటిని తొట్టిలో పడనివ్వకూడదు.

చెరువు అడుగు బురదలోనూ జరిగేది ఇదే. పైన తుంగ, తామర కొంత నత్రజని పీల్చుకుంటే, కింద గాలాడని ఒండ్రులో కొంత విడిపోయేది. మిగిలినదాన్ని ఎండాకాలంలో రైతులు పూడిక మట్టితో పాటు బండ్లకెత్తి పొలాలకు తోలేవారు. 2015లో మొదలైన చెరువుల పథకం మిషన్ కాకతీయ ఆ పనినే ట్రాక్టర్లతో మళ్లీ చేయించింది. వరంగల్‌లో భద్రకాళి చెరువును పూడిక తీయడానికి 2024 చివర్లో ఖాళీ చేశారు. కాలనీల మురుగు చేరే చెరువుల్లో ఇప్పుడు అల్లుకునే గుర్రపుడెక్క కూడా నైట్రేట్ తిని బలిసిందే. తీసి గట్టునే పారేస్తే కుళ్లి, మొదటి వానకే మళ్లీ నీళ్లలోకి దిగుతుంది. ఎరువుగా పొలానికి చేరితేనే అది చెరువును విడిచినట్టు.