పాఠశాల కౌన్సెలర్

పాఠశాల కౌన్సెలర్ అనగా విద్యార్థుల చదువు, మనసు, భావి వృత్తులకు సంబంధించిన సమస్యలను ఓపికగా విని, వారు స్వయంగా ఒక నిర్ణయానికి వచ్చుటకు తోడ్పడే శిక్షణ పొందిన వ్యక్తి. పాఠం చెప్పడం, మార్కులు వేయడం, శిక్షించడం వీరి పనులు కావు. తెలుగునాట కౌన్సెలింగ్ అనగానే ఇంజనీరింగు సీట్ల కేటాయింపో, ఉపాధ్యాయుల బదిలీలో, పోలీసులు ఆకతాయిలను పిలిచి మందలించడమో గుర్తుకు వస్తుంది. ఈ వ్యాసంలోని కౌన్సెలింగ్ వేరు. మందలింపుకైతే ఇది పూర్తిగా వ్యతిరేకం.

చరిత్ర

1908లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఫ్రాంక్ పార్సన్స్ యువకులకు వృత్తి సలహాలిచ్చే కేంద్రాన్ని ప్రారంభించాడు. ఈ వృత్తికి అదే నాందిగా భావిస్తారు. భారతదేశంలో ముదలియార్ కమిషన్ (1952-53) ఉన్నత పాఠశాలల్లో మార్గదర్శక సేవలు ఉండాలని సూచించింది. కొఠారీ కమిషన్ (1964-66) పది పాఠశాలలకు ఒకరు చొప్పున, ఒక బడి నుండి మరొక బడికి తిరిగే కౌన్సెలర్‌ను నియమించాలని చెప్పింది. జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలల సాధారణ పోస్టులలో మాత్రం కౌన్సెలర్ పోస్టు చోటు చేసుకోలేదు. ఆ పని తరగతి ఉపాధ్యాయుని మీదనే పడుతున్నది.

రుద్రూర్ ప్రాంతంలో అవసరం

రుద్రూర్ నిజామాబాదు జిల్లాలోని మండల కేంద్రం. 2016 అక్టోబరు వరకు ఇది వర్ని మండలంలో ఉండేది. బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడడంతో, దానిని నమ్ముకున్న కార్మికులు, చెరకు రైతులు దెబ్బతిన్నారు. జిల్లా నుండి గల్ఫ్ దేశాలకు వలసలు ఎక్కువ. తండ్రి దుబాయిలోనో, మస్కట్‌లోనో ఉండగా తల్లి వద్దనో, అమ్మమ్మ వద్దనో పెరిగే పిల్లలు అనేకులు. బీడీలు చుట్టే ఇళ్ళలో బడి నుండి రాగానే తల్లికి సాయంగా కూర్చునే ఆడపిల్లలున్నారు. ఇటువంటి విద్యార్థి తరగతిలో కునికిపాట్లు పడితే అది బద్ధకం కాకపోవచ్చు. కారణం అడిగి తెలుసుకోవడమే కౌన్సెలర్ మొదటి పని. ఇక్కడ తెలుగుతో పాటు ఉర్దూ, లంబాడీ, మరాఠీ మాట్లాడే కుటుంబాలున్నందున, పిల్లల ఇంటిభాష తెలిసినవారైతే మేలు.

వృత్తి మార్గదర్శకత్వం కూడా వీరి బాధ్యతే. రుద్రూర్‌లోనే ఆహార సాంకేతిక కళాశాల, వరి-చెరకు పరిశోధనా కేంద్రం ఉన్నాయి. అయినా ఆ కళాశాలలో చేరాలంటే ఇంటర్మీడియట్‌లో ఏ గ్రూపు తీసుకోవాలో పదవ తరగతిలోనే చెప్పేవారుండాలి.

2019 ఇంటర్మీడియట్ ఫలితాలు

2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన తరువాత కొద్ది రోజులలోనే 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఫలితాలలో పొరపాట్లు దొర్లినట్లు తేలింది. ఒక విద్యార్థినికి తెలుగులో 99 మార్కులకు బదులు సున్నా పడింది. ప్రభుత్వం త్రిసభ్య కమిటీని నియమించి, తప్పినవారి జవాబు పత్రాలను ఉచితంగా పునఃపరిశీలించింది. మార్కులను సరిదిద్దుటకు ఒక పద్ధతి ఉన్నది. కాని ఫలితం చూసుకున్న ఆ సాయంత్రం పిల్లలు ఎవరితో మాట్లాడాలన్న ప్రశ్నకు చాలా కళాశాలలలో సమాధానం లేదు.

గోప్యత, దాని హద్దులు

విద్యార్థి చెప్పిన మాట స్టాఫ్‌రూమ్‌లో చర్చకు రాకూడదు. అందరూ అందరికీ తెలిసిన పల్లెలో ఇది మరీ ముఖ్యం. ఒకసారి మాట బయటకు పొక్కితే రెండవ విద్యార్థి ఆ గది తలుపు తట్టడు. అయితే ప్రాణాపాయం ఉన్నదని తోచినప్పుడు తల్లిదండ్రులకు తెలిపి వైద్యుని వద్దకు పంపాలి. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలుపడం తప్పనిసరి, దాచడం నేరం. ఈ హద్దులను విద్యార్థికి మొదటి సమావేశంలోనే చెప్పడం సరైన పద్ధతి. కౌన్సెలర్ మందులు ఇవ్వరు. తీవ్ర సమస్య ఉన్నవారిని మానసిక వైద్యుని వద్దకు పంపుతారు.

సుప్రీం కోర్టు మార్గదర్శకాలు

విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ 2023లో మరణించిన విద్యార్థిని కేసులో సుప్రీం కోర్టు 2025 జులై 25న దేశమంతటికీ 15 మార్గదర్శకాలను జారీచేసింది. వాటి ప్రకారం 100 లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థ శిక్షణ పొందిన కౌన్సెలర్‌ను గాని, మనస్తత్వవేత్తను గాని, సామాజిక కార్యకర్తను గాని నియమించుకోవాలి. అంతకంటె చిన్న సంస్థలు బయటి నిపుణులతో సంబంధం పెట్టుకోవాలి. పిల్లల సంఖ్య తక్కువగా ఉండే పల్లె బడులకు వర్తించేది ఈ రెండవ నియమమే. వారంలో ఒక నిర్ణీత దినాన వచ్చే కొఠారీ కమిషన్ నాటి సంచార కౌన్సెలర్ వాటికి ఎక్కువ అనువైన ఏర్పాటు.

2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ (14416), పిల్లల సహాయవాణి (1098) సేవలు ఉచితం. విద్యార్థులు ఏ వేళనైనా ఈ సంఖ్యలకు ఫోను చేయవచ్చు.