బ్రేకు తొక్కితేనే కదిలే గేరు

1986 నవంబరు 23, ఆదివారం రాత్రి. అమెరికాలో సీబీఎస్ చానల్ 'సిక్స్‌టీ మినిట్స్' కార్యక్రమంలో ఒక జర్మన్ కారు మీద కథనం వచ్చింది. 2026 నవంబరుకి దానికి నలభై ఏళ్ళు. బ్రేకు మీద కాలు పెట్టనిదే ఆటోమేటిక్ కారు గేరు రాడ్డు 'పీ' (పార్క్)లోంచి కదలకుండా చేసే తాళం ఉంది చూడండి, అది ఇంటింటికీ చేరింది ఆ రాత్రి రేగిన దుమారం తర్వాతే. ఎప్పుడైనా అది మొరాయించి, ఆఫీసుకు టైమైపోతుంటే, మనం దాన్ని తిట్టుకుంటాం. తిట్టేముందు దాని కథ తెలియాలి.

తనంతట తానే గేర్లు మార్చుకునే బండి కోసం 1904లోనే బోస్టన్‌లో స్టర్టెవంట్ సోదరులు ప్రయత్నించారు. 1920ల్లో కెనడా ఇంజినీరు ఆల్ఫ్రెడ్ మన్రో గాలి పీడనంతో నడిచేదాన్ని రూపొందించారు. రెండూ జనం దాకా రాలేదు. జనరల్ మోటార్స్‌లో ఎర్ల్ థాంప్సన్ బృందం తయారుచేసిన హైడ్రామాటిక్ మాత్రం 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో వచ్చి నిలబడింది, యుద్ధంలో ట్యాంకుల్లోకీ ఎక్కింది. దానికి అసలు 'పీ' లేనేలేదు. ఇంజిన్ ఆపి రివర్స్‌లో పెడితే బండి కదలకుండా బిగుసుకునేది. 1948లో వచ్చిన బ్యూయిక్ డైనాఫ్లోకి 'పీ' ఉంది, కానీ వరస పీ, ఎన్, డీ, ఎల్, ఆర్. ముందుకు లాగే 'ఎల్' పక్కనే వెనక్కు పోయే 'ఆర్'! చెయ్యి కాస్త ఎక్కువ కదిలితే ఏమవుతుందో వేరే చెప్పాలా? 1965లో రాల్ఫ్ నాడర్ తన పుస్తకంలో దీన్ని ఎండగట్టారు. ముందుకూ వెనక్కూ మధ్య న్యూట్రల్ ఉండి తీరాలని 1968 నుంచి అమెరికాలో నిబంధన వచ్చింది.

ఇక నాకు ఎంత చదివినా తనివి తీరని ఆడీ ఉదంతం.

ఆడీ 5000 అందమైన కారు. 1980ల్లో అమెరికా పైతరగతి వాళ్ళు ముచ్చటపడి కొనుక్కున్నారు. కొన్నాళ్ళకి ఫిర్యాదులు మొదలయ్యాయి: 'పీ'లోంచి గేరు తీయగానే కారు తనంతట తానే దూసుకుపోతోంది, బ్రేకు తొక్కుతున్నా ఆగడం లేదు. మొదట చెప్పిన ఆ టీవీ కథనంలో ఒక తల్లి మాట్లాడింది. గ్యారేజి తలుపు తీయడానికి దిగిన ఆరేళ్ళ కొడుకు ఆమె నడుపుతున్న కారే ఢీకొని చనిపోయాడు. తన కాలు బ్రేకు మీదే ఉందని ఆమె చెప్పింది. ఆ మాట విన్నాక దేశంలో ఎవరికీ ఇంకో సాక్ష్యం అక్కర్లేకపోయింది. అదే కార్యక్రమంలో ఎవరూ తొక్కకుండానే యాక్సిలరేటర్ పెడల్ కిందికి దిగడం కూడా చూపించారు. గేర్‌బాక్స్‌కి రంధ్రం చేసి, బయటినుంచి పీడనం ఎక్కించి అలా దింపారన్న సంగతి తర్వాత బయటపడింది.

1987 జనవరిలో ఆడీ దాదాపు రెండున్నర లక్షల కార్లను వెనక్కి పిలిచి, బ్రేకు తొక్కితేనే 'పీ' వదిలే తాళం బిగించింది. 1989లో ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ నివేదిక ఇచ్చింది. అత్యధిక ప్రమాదాల్లో డ్రైవరు కాలు బ్రేకనుకుని యాక్సిలరేటర్ మీద పడిందని తేల్చింది. పెడళ్ళ అమరిక, ఐడిల్ వేగాన్ని అదుపుచేసే వాల్వులో లోపం కూడా కొంత కారణమంది. అయితే ఆ తల్లి అబద్ధమాడిందా? లేదు. భయంలో కాలు ఎక్కడుందో మనిషికి నిజంగా తెలియకపోవచ్చు. తాళం బిగించిన ఆ ఇంజినీర్లు తప్పెవరిదని వాదిస్తూ కూర్చోకుండా, తప్పు జరిగే వీలును తగ్గించారు. ఆ పనంటే నాకు గౌరవం. కంపెనీకి మాత్రం దెబ్బ గట్టిగా తగిలింది. 1985లో 74 వేలున్న అమెరికా అమ్మకాలు 1991కి 12 వేలకు పడిపోయాయి. '5000' అన్న పేరే తీసేయాల్సి వచ్చింది.

ఆ తాళం మిగతా కంపెనీలకూ పాకింది. కామెరాన్ గల్‌బ్రాన్‌సెన్ అనే రెండేళ్ళ బాబు పేరిట 2008లో చేసిన చట్టం, 2010 సెప్టెంబరు 1 తర్వాత అమెరికాలో అమ్మకానికి తయారయ్యే, 'పీ' ఉన్న ఆటోమేటిక్ కార్లన్నిటికీ దాన్ని తప్పనిసరి చేసింది. పెద్దవాళ్ళు లేనప్పుడు పిల్లలు రాడ్డు లాగి కారును దొర్లించకూడదని.

ఇక ఆ తాళం మొరాయించే సంగతి. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో "బాబాయ్, గేరు పీలోంచి రావట్లేదు" అని ఫోనొస్తే అడగాల్సిన మొదటి ప్రశ్న, "బ్రేకు తొక్కితే వెనక లైటు వెలుగుతోందేమో చూశావా?" పెడల్ దగ్గరి చిన్న స్విచ్చే చాలా కార్లలో వెనక లైటుకీ, గేరు తాళం తీసే సోలినాయిడ్‌కీ కబురు పంపుతుంది. లైటు వెలగకపోతే ఫ్యూజు పోయిందో, స్విచ్చి పోయిందో. లైటు వెలుగుతూ, రాడ్డు దగ్గర 'టిక్' మన్న చప్పుడు లేకపోతే అనుమానం సోలినాయిడ్ మీదికి పోతుంది. చప్పుడు వినిపిస్తున్నా కదలకపోతే లోపల ఏదో అడ్డుపడింది: ఒలికిన కూల్‌డ్రింకు ఎండి జిగురైనా, జారిపడ్డ నాణెమైనా కావచ్చు.

ఈలోగా బండి కదలాలంటే, రాడ్డు పక్కన గోరంత ప్లాస్టిక్ మూత ఉందేమో వెతకండి. హ్యాండ్‌బ్రేకు లాగి, ఇగ్నిషన్ ఆన్ చేసి, బ్రేకు తొక్కిపట్టి, మూత ఊడదీసి, లోపలి మీటను స్క్రూడ్రైవర్‌తో నొక్కితే రాడ్డు న్యూట్రల్‌కి వస్తుంది. అక్కణ్ణుంచి నేరుగా మెకానిక్ దగ్గరికే. కొందరు తాళాన్నే పీకించేస్తారు, అది మాత్రం వద్దు.

ఏటవాలులో ఆపిన బండిది వేరే బాధ. గేర్‌బాక్స్‌లో పళ్ళ చక్రంలోకి దిగిన ఉక్కు కొక్కెం మీదే బండి బరువంతా పడి బిగుసుకుంటుంది. ముందు హ్యాండ్‌బ్రేకు లాగి, తర్వాత 'పీ'లో పెట్టే అలవాటుంటే ఆ ఇబ్బంది రాదు.

ఇప్పుడు కథ తలోదారి పట్టింది. తీగ బదులు ఎలక్ట్రానిక్ సంకేతంతో గేరు మార్చే కార్లు వచ్చాయి. వదలగానే మధ్యకు వచ్చేసే రాడ్డుతో ఏ గేరులో ఉన్నామో తెలియక జనం గాయపడ్డారు. అందుకే 2016లో ఫియట్ క్రిస్లర్ ప్రపంచవ్యాప్తంగా 11 లక్షల బళ్ళను వెనక్కి పిలిచింది. గేరు కేబుల్ చివరి బుష్ ఊడిపోతోందని 2022లో ఫోర్డ్ 29 లక్షల బళ్ళను పిలిచింది. 2014 నుంచి మన రోడ్ల మీదికొచ్చిన సెలేరియో లాంటి, మాన్యువల్ గేర్లనే యంత్రం మార్చే ఏఎంటీ కార్లలో చాలావాటికి 'పీ' ఉండదు, హ్యాండ్‌బ్రేకే దిక్కు. ఇక మీట నొక్కి 'పీ' వేసే కార్లలో బ్యాటరీ పడుకుంటే గేరు ఎలా విడిపించాలో ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. కారుతో ఇచ్చిన పుస్తకంలో ఆ పేజీ ఎక్కడుందో ఇంట్లో ఉన్నప్పుడే చూసి పెట్టుకోండి.