నార్త్ బెడ్‌ఫర్డ్‌షైర్: పేరు పాతదే, హద్దులు వేరు

2024 బ్రిటన్ ఎన్నికల్లో మన పత్రికల్లో తరచుగా వినబడిన పేరు నార్త్ బెడ్‌ఫర్డ్‌షైర్. తెలంగాణలోని శనిగరం గ్రామానికి చెందిన ఉదయ్ నాగరాజు లేబర్ పార్టీ తరఫున ఇక్కడ పోటీ చేసి రెండో స్థానంలో నిలిచారు. కన్సర్వేటివ్ అభ్యర్థి రిచర్డ్ ఫుల్లర్ గెలిచారు.

లండన్‌కి ఉత్తరాన ఏ1 రోడ్డు దాటిపోయే ప్రాంతమిది. బిగిల్స్‌వేడ్, శాండీ, పాటన్ వంటి చిన్న పట్టణాలు, మిగతావన్నీ పల్లెలు. కూరగాయల సాగుకి పేరున్న నేల. లండన్‌కి రోజూ రైల్లో ఉద్యోగాలకి వెళ్ళి వచ్చేవాళ్ళూ చాలామందే ఉన్నారు.

1885లో బెడ్‌ఫర్డ్‌షైర్ కౌంటీ సీటుని రెండుగా విడదీసినప్పుడు ఉత్తర భాగానికి బిగిల్స్‌వేడ్ అని పేరు పెట్టారు. 1918లో అది రద్దయింది. నార్త్ బెడ్‌ఫర్డ్‌షైర్ అనే సీటు 1983లో వచ్చింది కానీ, అందులో ముఖ్య భాగం బెడ్‌ఫర్డ్ పట్టణమే! ట్రెవర్ స్కీట్ 1997 దాకా దాని ఎంపీ. ఆ ఏడాది పట్టణం మళ్ళీ బెడ్‌ఫర్డ్ సీటయింది. చుట్టూ ఉన్న పల్లెలు, బిగిల్స్‌వేడ్, శాండీ కలిసి నార్త్ ఈస్ట్ బెడ్‌ఫర్డ్‌షైర్ అయ్యాయి. నికొలస్ లయెల్, 2001 నుంచి అలిస్టర్ బర్ట్, 2019లో ఫుల్లర్, ముగ్గురూ కన్సర్వేటివ్‌లే.

2024లో పాత పేరు తిరిగొచ్చింది, పట్టణం మాత్రం రాలేదు. దక్షిణాన ఉన్న ఆర్లెసీ, స్టాట్‌ఫోల్డ్‌లను పక్క కౌంటీలోని హిచిన్‌తో కలిపారు. అందుకని 1983-97 నాటి ఓట్ల లెక్కల్ని ఇప్పటివాటితో పోల్చి చూస్తే పొరబడతాం.

ఈ మార్పులకి మూలం ఒక అంకె. మామూలు సీట్లన్నిటిలోనూ ఓటర్లు 69,724 నుంచి 77,062 లోపు ఉండాలన్నది నిబంధన. ఇండియాలో హద్దులకి జనాభా లెక్క ఆధారం. ఇక్కడ జాబితాలో నమోదైన ఓటర్లనే లెక్కిస్తారు. ఈ దఫా 2020 మార్చి 2 నాటి జాబితా తీసుకున్నారు. ఆ రోజుకి పేరు లేనివాడు ఆ ఊళ్ళో పదేళ్ళున్నా లెక్కలోకి రాలేదు.

మనవాళ్ళలో చాలామంది ఓటు బ్రిటిష్ పాస్‌పోర్టు వచ్చాకే అనుకుంటారు. అలా కాదు. కామన్‌వెల్త్ పౌరులు కాబట్టి, చెల్లుబాటయ్యే వీసాతో ఇక్కడ నివసించే భారతీయులు 18 ఏళ్ళు నిండితే పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వెయ్యొచ్చు. పోలింగ్ కేంద్రంలో గుర్తింపు కోసం ఇండియన్ పాస్‌పోర్టు చూపిస్తే చాలు. ఈ నియోజకవర్గం రెండు కౌన్సిళ్ళ పరిధిలో ఉంది. శాండీ, బిగిల్స్‌వేడ్ వాళ్ళ పేర్లు సెంట్రల్ బెడ్‌ఫర్డ్‌షైర్ కౌన్సిల్ దగ్గర, బెడ్‌ఫర్డ్ చుట్టుపక్కల పల్లెల వాళ్ళవి బెడ్‌ఫర్డ్ బరో కౌన్సిల్ దగ్గర నమోదవుతాయి. హద్దుల తదుపరి సమీక్ష 2031 అక్టోబరు 1 లోగా పూర్తికావాలి.